పటం మీద గీత, పొలం మీద కోత

కొత్త రహదారికి శంకుస్థాపన జరిగినప్పుడల్లా దేశ రాజధానిలో రెండు లెక్కలు మారుమోగుతాయి. ఎన్ని కిలోమీటర్లు అన్నది ఒకటి. ఎన్ని వేల కోట్లు అన్నది రెండవది. ప్రశ్నోత్తరాల సమయంలో సభ్యులు అడిగేదీ, మంత్రులు గర్వంగా జవాబు చెప్పేదీ చాలావరకు ఈ రెండింటిని గురించే. రోజుకు ఎన్ని కిలోమీటర్ల రోడ్డు వేస్తున్నామన్నది ప్రభుత్వ సమర్థతకు కొలబద్ద అయి కూర్చున్నది. ఆ రోడ్డు కింద పడిన నేల ఏటా ఎన్ని పంటలు పండేదన్న మూడవ లెక్క అడిగిన సభ్యులను, పత్రికా గ్యాలరీలో ఇన్నేళ్లుగా కూర్చుంటున్న నేను వేళ్ల మీద లెక్కించగలను.

ఈ మూడవ లెక్క చిన్నదేమీ కాదు. పొలాల మధ్య కొత్తగా వేసే ప్రధాన రహదారికి సాధారణంగా 60, 70 మీటర్ల వెడల్పున భూమి తీసుకొంటున్నారు. 70 మీటర్లంటే కిలోమీటరుకు 7 హెక్టార్లు, అనగా 17 ఎకరాల పైమాట. 100 కిలోమీటర్లకు 1,700 ఎకరాలు దాటిపోతుంది. కూడళ్లు, టోల్ ప్లాజాలు అదనం. కట్ట పోయడానికి మట్టి ఎక్కడి నుంచో రావాలి. అది కూడా తరచు పక్క చేల నుంచే వస్తుంది. వీటన్నిటికీ మించినది, ఏ లెక్కలోనూ సరిగా చేరనిది మరొకటి ఉన్నది: తెగిపోయిన పొలం. నాలుగెకరాల కమతంలో ఒక ఎకరం రోడ్డుకు పోతే, మిగిలిన మూడూ కట్టకు అటూ ఇటూ పడతాయి. బోరు ఒక పక్క, చేను ఒక పక్క. పంట బోదె మూసుకుపోతుంది. వాన నీరు దిగువకు పోయే దారి లేక నిలిచిపోతుంది. తెగిన భూమికి నష్టం కట్టివ్వాలని జాతీయ రహదారుల చట్టంలో మాట ఉన్నది. కాని దారి లేని చేనుకు ట్రాక్టరు ఎలా వెళ్లాలో ఆ మాట చెప్పదు.

పంట భూమిని కాపాడాలన్న ఆలోచన పార్లమెంటుకు ఎన్నడూ రాలేదని అనలేము. వచ్చింది. అది రావడానికి కారణమైనది కూడా ఒక రహదారే. ఢిల్లీ పొలిమేరలలోని గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే కోసం భూమి సేకరించినప్పుడు, రోడ్డుకు చాలినంతతో ఆగలేదు. రోడ్డు పక్కన అయిదు చోట్ల కలిపి 2,500 హెక్టార్లు నిర్మాణ సంస్థ అభివృద్ధి చేసుకోవడానికి కేటాయించారు. ఆ ప్రాంతంలో భూసేకరణపై రేగిన ఆందోళన 2011 మే నెలలో భట్టా పర్సౌల్ గ్రామంలో రక్తపాతానికి దారి తీసింది. రైతులూ పోలీసులూ కూడా ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి దేశాన్ని ఏలుతున్నది 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టమే. దాని స్థానంలో కొత్త బిల్లును 2013 ఆగస్టు 29న లోక్‌సభ 216 – 19 ఓట్లతో ఆమోదించింది. 2014 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలోని 10వ సెక్షను చదివితే రైతు బిడ్డ ఎవడికైనా మనసు కుదుటపడుతుంది. నీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని సేకరించరాదు. తప్పనిసరి అయితే, అది చిట్టచివరి మార్గమని నిరూపించిన మీదటనే తీసుకోవాలి. అదికూడా ప్రభుత్వం ముందుగా ప్రకటించిన పరిమితికి లోబడి. తీసుకొన్నంత విస్తీర్ణంలో సాగుకు పనికివచ్చే బీడును అభివృద్ధి చేయాలి. లేదా ఆ భూమి విలువను ఆహార భద్రతకై జమ చేయాలి. ఇంతవరకు బాగున్నది. కాని అదే సెక్షను చివరి మినహాయింపు చదవండి: రైలు మార్గాలు, రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు, కాలువలు, విద్యుత్ లైన్లు వంటి వాటికి ఈ సెక్షను వర్తించదు! దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డుపడ్డాడన్న సామెత ఇక్కడ చట్టరూపం ధరించింది. ఫ్యాక్టరీని బీడులో కట్టమని చెప్పే చట్టం, మాగాణిని నిలువునా చీల్చే రోడ్డును మాత్రం అడగదు.

ఇంకొక తలుపు కూడా తెరిచి ఉంచారు. జాతీయ రహదారుల చట్టం, రైల్వే చట్టం సహా 13 చట్టాలను నాల్గవ షెడ్యూలులో చేర్చి, వాటి కింద జరిగే సేకరణను కొత్త చట్టం పరిధి నుంచి తప్పించారు. 2015 ఆగస్టు 28 నాటి ఉత్తర్వుతో పరిహారం, పునరావాసాల నిబంధనలు వీటికి కూడా వర్తించాయి. మేలే. సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించలేదు. అంటే రైతుకు ధర పెరిగింది, మాట పెరగలేదు. ఆ ధర కూడా పూర్తిగా దక్కడానికి, 2015కు ముందు భూములు పోగొట్టుకొన్నవారు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. రహదారులకు భూమి ఇచ్చిన రైతుకు సొలేషియం, వడ్డీ నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది.

రహదారి చట్టం ప్రకారం ప్రకటన వెలువడిన 21 రోజులలోగా రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు. కాని ఆ ప్రకటన వచ్చేనాటికి సమగ్ర నివేదిక తయారై ఉంటుంది, అంచనాలు ఆమోదం పొంది ఉంటాయి, అలైన్‌మెంట్ ఖరారై ఉంటుంది. పెళ్లి ముహూర్తం పెట్టుకొన్న తరువాత పిల్ల నచ్చిందా అని అడిగినట్లు ఉంటుంది ఈ విచారణ. సేలం–చెన్నై మధ్య 277 కిలోమీటర్ల ఎనిమిది వరుసల రహదారిపై తమిళనాడు రైతులు మద్రాసు హైకోర్టులో 2019 ఏప్రిల్‌లో గెలిచారు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధానాంశాలపై ఆ తీర్పును తిరగవేసింది. ఏళ్ల తరబడి సాగిన ఆ వ్యాజ్యంలో రైతులకు అసలు కావలసిన జవాబు ఒక్కటే: గీత ఇక్కడే ఎందుకు గీశారు?

నా వాదన అంతా ఈ ప్రశ్న చుట్టూనే. మన రాజకీయ పక్షాలు, రైతు సంఘాలు సైతం, పోరాటాన్ని పరిహారం దగ్గర ప్రారంభిస్తున్నాయి. పంట భూమి నష్టం నిర్ణయమయ్యేది పరిహారం దగ్గర కాదు, పటం దగ్గర. అక్కడ రైతు లేడు. వ్యవసాయ శాఖ ఉన్నా దాని మాట చెల్లుబాటు కాదు. అడవి మీదుగా గీత పోతే 1980 నాటి చట్టం అడ్డు నిలిచి, మరో దారి చూశారా అని అడుగుతుంది. పట్టణం మీదుగా పోతే ఇళ్లూ దుకాణాలూ అరుస్తాయి. వరి చేను అరవదు. అందుకే గీత అటే జరుగుతుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజులలో పల్లె భూమి విలువ తక్కువ కనుక, నాలుగింతలు ఇచ్చినా పట్టణం కంటె చవకే.

ఇంజనీర్ల పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. ఉన్న రోడ్డును వెడల్పు చేయాలంటే ఊళ్లకు ఊళ్లు కూల్చాలి. కొత్త గీత తిన్నగా ఉంటే దూరం తగ్గుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి, ఇంధనం మిగులుతుంది. ఇది నిజమే. దేశంలో నికర సాగు విస్తీర్ణం దశాబ్దాలుగా 14 కోట్ల హెక్టార్ల దగ్గరే ఉన్నదనీ, రోడ్ల వల్ల అది కుంగిపోలేదనీ కూడా వారు చెప్పవచ్చు. అదీ నిజమే. కాని కాలువ కింద రెండు పంటలు పండే ఎకరం పోయి, ఎక్కడో వర్షాధారపు ఎకరం సాగులోకి వస్తే మొత్తం మారదు. గింజ మాత్రం తగ్గుతుంది. సగటు లెక్క ఆ తేడాను చూపదు.

పొలాన్ని కాపాడుతూ దారి వేయడం సాధ్యం కాదన్నవారు కొంచెం అటూ ఇటూ చూడాలి. ముంబయి–అహమదాబాద్ బుల్లెట్ రైలు మార్గం 508 కిలోమీటర్లలో 460కి పైగా స్తంభాల మీదనే పోతున్నది. కట్ట మీద వేసే మార్గానికి కావలసిన వెడల్పు కంటె ఎంతో తక్కువ భూమితో సరిపోతున్నది. నీటి దారులు మూసుకుపోవడం లేదు. వేగంగా పోయే రైలుకు దొరికిన ఈ సదుపాయం వరి చేనుకు ఎందుకు దొరకదు? కేరళలో, మలప్పురం జిల్లా కూరియాడ్ వద్ద వరి పొలాల మీదుగా మట్టికట్ట పోసి వేసిన 66వ నెంబరు జాతీయ రహదారి 2025 మే 19న కుంగి కూలిపోయింది. ఆ తరువాత అక్కడ వంతెన మార్గం కట్టాలని నిర్ణయించారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

పొరుగు దేశాల అనుభవమూ ఇదే చెబుతున్నది. బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్ జిల్లాలో ఏటా నీట మునిగి, నీరు తీసిన తరువాత వరి పండే హావోర్ పల్లాలలో సుమారు 30 కిలోమీటర్ల రోడ్డు 2020లో ప్రారంభమైంది. నీటి పారుదలకు అది అడ్డంకి అయిందన్న విమర్శలు వచ్చాయి. హావోర్లలో ఇకమీదట స్తంభాల మీద తప్ప రోడ్లు వేయరాదని 2022లో అక్కడి ప్రభుత్వమే నిర్ణయించింది. శ్రీలంకలో దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే గీతను, కొత్తగా నష్టపోయే వారిని విచారించకుండా జరిపినందుకు ఆ దేశ సుప్రీంకోర్టు 2004లో తప్పు పట్టి, బాధితులకు అదనపు పరిహారం ఇప్పించింది. గీత జరపడం పాలనా రహస్యం కాదని, పౌరుని హక్కుకు సంబంధించినదని ఆ తీర్పు సారాంశం.

మన తెలుగునాట ఈ చర్చ పరాయిది కాదు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు వెలుపల, దానికి రెట్టింపు పొడవున ప్రాంతీయ వలయ రహదారి తలపెట్టారు. భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతాల రైతులు అడిగినది ప్రధానంగా గీత మార్చమనే. ఖమ్మం నుంచి దేవరపల్లికి కొత్త దారి వేసినప్పుడూ అటువంటి మొరే వినవచ్చింది. వలయ రహదారుల విషయంలో ఇంకొక ప్రమాదం ఉన్నది: రోడ్డుకు పోయేది ఒక వంతయితే, రోడ్డును చూసి లేఅవుట్లుగా మారిపోయేది అనేక వంతులు. యమునా ఒడ్డున ప్రభుత్వమే చేసిన పని ఇక్కడ మార్కెట్టు చేస్తుంది. రోడ్డు వెంట భూ వినియోగాన్ని ముందే కట్టుదిట్టం చేయకపోతే, అలైన్‌మెంట్ ఎంత జాగ్రత్తగా గీసినా ఫలితం ఉండదు.

అయితే మాగాణిని తప్పించి గీతను మెట్టకు నెట్టండి అన్నంత మాత్రాన న్యాయం జరగదు. మెట్ట అంటే బీడు కాదు. తెలుగు జిల్లాలలో పేద దళిత కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. కాలువ కింద ఆసామి భూమి మిగిలి, గుట్ట పక్క ఎకరమున్న వాడి బతుకు పోతే అది ఆహార భద్రత అనిపించుకోదు. కౌలుదారుకూ, కూలికీ పరిహారపు చెక్కు ఎంతవరకు అందుతున్నదో అందరికీ తెలిసిన సంగతే. అందువల్ల లెక్క వేయవలసినది భూమి రకం ఒక్కటే కాదు, దాని మీద బతికే మనిషిని కూడా.

చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. మొదట, ఉన్న రోడ్డు, ఉన్న రైలు కట్ట పక్కన చోటు ఉన్నదా అని చూడాలి. సరకు రవాణా రైలు కారిడార్లు చాలా దూరం పాత పట్టాల వెంటనే నడిచాయి. అది కుదరనప్పుడు కనీసం మూడు గీతలు గీసి, ఒక్కొక్క దానికింద ఎన్ని ఎకరాల రెండు పంటల భూమి పోతుందో, ఎన్ని కమతాలు తెగుతాయో, ఎన్ని బోదెలు మూతపడతాయో, ఎందరు సన్నకారు రైతులు, కౌలుదార్లు ఉన్నారో పట్టిక వేయాలి. 2021లో ప్రారంభించిన గతిశక్తి పథకంలో దేశపటం మొత్తం కంప్యూటరు తెర మీదకు వచ్చింది; ఈ వివరాలు అందులో చేర్చడం అసాధ్యం కాదు. ఆ పట్టికను 21 రోజుల నోటీసుకు ముందే గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. పల్లపు మాగాణి తప్పనిసరి అయిన చోట స్తంభాలు వేయాలి. ఖర్చు పెరుగుతుందనడంలో సందేహం లేదు. కాని ఆ ఖర్చు ఇప్పుడూ ఉన్నది. దానిని భరిస్తున్నది ఖజానా కాదు, రైతు.

వీటన్నిటికీ చట్టబద్ధత రావాలంటే 10వ సెక్షనులోని ఆ చివరి మినహాయింపును తొలగించాలి. రోడ్డు తిన్నగానే పోవాలి గనుక మినహాయింపు ఇచ్చామన్న సమర్థన నిలవదు. ‘చివరి మార్గమని నిరూపించు’ అని అడగడం రోడ్డును ఆపడం కాదు. 2014 చివరలో ఆర్డినెన్సు ద్వారా మినహాయింపులను మరింత విస్తరించబోయిన ప్రభుత్వం, రైతుల వ్యతిరేకత ముందు తలవంచి 2015 ఆగస్టులో దానిని మురిగిపోనిచ్చింది. అప్పుడు పెరగబోయిన మినహాయింపులను ఆపగలిగిన ప్రతిపక్షాలు, అంతకు ముందే చట్టంలో ఉన్న మినహాయింపును ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ఒక సవరణ చాలు. పరిహారం రైతు చేతికి ఒక్కసారి వస్తుంది. పంట ఏటా వస్తుంది. అది అతనికి ఒక్కనికే రాదు.