మాటల మూట: దాచడం వేరు, కాయడం వేరు

ఇంగ్లీషులో 'కీప్' అనేది బ్యాంకు వాళ్ల నోట్లో రోజూ నానే మాట. బుక్ కీపింగ్, సేఫ్ కీపింగ్. బి.కాం. చదివే రోజుల్లో దానికి 'ఉంచుకోవడం' తప్ప మరో అర్థం ఉంటుందని తోచలేదు. నిఘంటువు తిరగేస్తే సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో అది కనిపెట్టి ఉండటం, గమనించడం అనే అర్థాల్లో కనిపిస్తుంది. ఉంచుకోవడం తరవాత వచ్చింది.

'వార్డ్' కథ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో 'వెఆర్డ్' అంటే కావలివాడు. హాస్టల్ వార్డెన్, ఆస్పత్రి వార్డు, స్టీవర్డు అన్నీ ఆ ఇంటి పిల్లలే. దొరగారిని పిలిచే 'లార్డ్' కూడా మొదట్లో 'హ్లాఫ్ వెఆర్డ్', అంటే రొట్టె కావలివాడు! ఇంటిల్లిపాదికీ తిండి చూసేవాడే దొర అన్నమాట. ఇదే మాట ఫ్రెంచివాళ్ల నోట పడి, 'వ' పోయి 'గ' వచ్చి, 'గార్డ్'గా మళ్లీ ఇంగ్లండు చేరింది. వారంటీ, గ్యారంటీ కూడా అటువంటి జంటే.

మన తెలుగులో ఈ పనికి రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. డబ్బు దాస్తాం, చేను కాస్తాం. దాచినవాడు నిద్రపోవచ్చు, కాచేవాడు పోకూడదు. కాపరి, కాపలా, కావలి అన్నీ ఈ 'కాచు' సంతానమే. (చెట్టు కాయడం వేరే ధాతువు, కలపకండి.) కన్నడంలోనూ కాయి, కావలు, కాపాడు ఉన్నాయి. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లాను పంచినప్పుడు ఏడు తాలూకాలు మైసూరుకు వచ్చాయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. ఈ మాటను మాత్రం ఎవరూ పంచలేకపోయారు. ఇటు తళవార, అటు తలారి. ఊరు కాచే మనిషి ఒక్కడే.

ఆ కావలికి ఒక కట్టుబాటు ఉండేది. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చాక 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ కలెక్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో పాలెగాళ్లు ఊళ్ల దగ్గర కావలి రుసుము తీసుకునే కాలం. రుసుము తిన్నవాడు, దొంగతనం జరిగితే పోయిన సొత్తు పట్టివ్వాలి, లేదా నష్టం కట్టుకోవాలి. ఆచరణలో చాలాచోట్ల రుసుము మిగిలింది, కావలి పోయింది. కొన్నిచోట్ల కావలివాళ్లే దొంగలకు తోడయ్యారు. అయినా సూత్రం సూత్రమే.

ఇదంతా ఎందుకంటే, మా లాకర్ల గదిలో ఒక పెద్దావిడ అడిగిన మాట.

"మా సొమ్ములు మీరు కాచుకోనుంటారు గదా నాయనా?"

"పెట్టె మీకు బాడుగకిచ్చినాం అవ్వా, లోపల ఏముందో మాకు తెలీదు."

"తెలీకుండా ఎట్ల కాస్తారు?"

అప్పట్లో బ్యాంకుల వాదన నేను చెప్పిందే. మేం ఇంటి యజమాని లాంటివాళ్లం, మీరు అద్దెకున్నవాళ్లు. ఇతరుల వస్తువును అప్పగింత తీసుకున్నవాడు దాన్ని తన సొంత సొత్తులా జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెబుతుంది. లాకరు అప్పగింత కాదు, అద్దె అంటే ఆ సెక్షను తగలదు. మాట మారిస్తే బాధ్యత మారిపోతుంది.

2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, లాకర్ల విషయంలో బ్యాంకులు చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పింది. ఆ ఆగస్టులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమలు. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టమైతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. భూకంపం, వరద, పిడుగు లాంటివి బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే ఇందులోకి రావు. పాలెగాళ్ల నాటి కట్టుబాటు మళ్లీ వచ్చినట్టే, కొలత మాత్రం చిన్నది. అద్దె 3,000 అయితే 3 లక్షలు. పెళ్లి నగలకు అది ఏ మూలకు? బ్యాంకు మనిషినై ఉండీ ఈ మాట అంటున్నాను.

లోపల ఏముందో బ్యాంకు ఇప్పటికీ అడగదు, రాసుకోదు. కనుక నగల జాబితా, ఫొటోలు, కొన్న బిల్లులు ఇంట్లో ఉంచుకోండి. లాకరులో కాదు సుమా! పైసంచికలో 'కుదువ', 'తాకట్టు' సంగతి చూద్దాం.