థోరాంగు కనుమ: కొండ నెక్కని వార్త

2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును ధ్వంస మొనర్చిన హుద్‌హుద్ తుపాను అచ్చటితో నిలువలేదు. బలము తగ్గి యుత్తరముగా సాగి, 14వ తేదీన నేపాళమందలి అన్నపూర్ణ పర్వతములపై మంచుగా గురిసినది. 5,416 మీటర్ల యెత్తున నున్న థోరాంగు కనుమను దాటుచున్న విదేశ యాత్రికులును, వారి మూటలు మోయు నేపాళీయులును దానిలో జిక్కిరి. ఆ ప్రాంతమున మృతులు 40 మందికి మించిరి. ఈ కనుమ కావలి వైపుననే ముక్తినాథము గలదు. మన వైష్ణవులకు అది దివ్యదేశము. అయినను మనవారిలో పెక్కురు జోమ్‌సోము దారిని బోవుదురు గాని యీ కనుమ నెక్కరు.

తుపాను తీరము జేరక పూర్వమే వాతావరణశాఖవారు హెచ్చరించిరి. ఆంధ్ర, ఒడిశా తీరములందు లక్షలకొలది జనులను ముందుగానే తరలించిరి. రెండు దినముల వ్యవధి యున్నను, ఆ వార్త కనుమ దాటువారికి సరిగా ముట్టలేదు. దీనిని దైవఘటన యని సరిపెట్టుకొనుటకు మేము సమ్మతింపము.

ఉన్నతప్రదేశమున గాలి పలుచనగుట అందరెరిగిన ప్రమాదమే. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, రాత్రి పరుండు చోటును దినమునకు 500 మీటర్లకంటె హెచ్చింపరాదనియు, మూడు నాలుగు దినముల కొకమారు ఆగవలెననియు వైద్యులు చెప్పుదురు. అడుగు తడబడినచో వెంటనే దిగిపోవుటయే మందు. మనాంగు గ్రామమున యాత్రికు లాగుట యిందులకే.

అంతకంటె విషమమైనది వెనుకకు మరలలేకపోవుట. సెలవుదినములు లెక్కించుకొని వచ్చినవాడు మబ్బును జూచి యాగడు. వానికిది వేడుక, మూట మోయువానికి పొట్టకూడు. కూలి పోవునను భయమున వీడు "వద్దు" అనజాలడు. నాడు కనుమపై నొక చిన్న తేనీటి పాకలో దలదాచుకొన్నవారిలో కొందరు మంచు కురియుచుండగనే బయలుదేరి దారి దప్పిరి.

2023 ఏప్రిల్ 1వ తేదీనుండి విదేశీయులు మార్గదర్శి లేక యిట్టి దారుల బోరాదని నేపాళమున నిబంధన చేసిరి. మంచిదే. కాని మార్గదర్శి మాటకు యాత్రికుడు కట్టుబడనిచో వాడును మూటలలో నొక మూటయే. మరలివచ్చిన దినమునకును పూర్తి కూలి ముట్టవలెనని ఒప్పందముననే వ్రాయవలెను. కనుమ క్రిందనున్న థోరాంగు ఫేదీలో, ప్రతి బస గుమ్మమునను ఆ దినపు వాతావరణవార్తను సాయంకాలమే అంటించుటకు ఎంత వ్యయమగును?