చావు వచ్చిన యింటికి తాళము

మరణము చెప్పి వచ్చిన యింట దుఃఖమొక తీరు. చెప్పక వచ్చిన యింట మఱియొక తీరు. ముదుసలి తండ్రి మూడు నెలలు మంచమున నుండి కన్ను మూసినచో బిడ్డలు ఏడ్తురు గాని నమ్ముదురు. తెల్లవాఱుజామున లేచి మంచినీళ్లడిగినవాడు సూర్యోదయమునకు లేడన్నచో ఆ యిల్లాలు నమ్మజాలదు. అతని చెప్పులు గుమ్మము ప్రక్కనే యుండును. కండ్లజోడు చదువుచున్న పుస్తకముపై నుండును. ఆ వస్తువులను చూచి, తాకి, మరల మరల చూచి, ఆమె మనస్సు జరిగినదానిని మెల్లమెల్లగా ఒప్పుకొనవలెను. అందులకు ఆమెకు మొట్టమొదట కావలసినది తన యిల్లు. మనము మొట్టమొదట లాగికొనునది అదియే.

ధనిష్ఠాపంచకమను పేరు వినని తెలుగు కుటుంబము లేదు. ధనిష్ఠ మొదలు రేవతి వఱకు గల అయిదు నక్షత్రములలో ఇంట నెవరైన పోయినచో ఆఱు నెలలు ఆ యిల్లు పాడుపెట్టవలెనట. రోహిణికి, కృత్తికకు, మఱి కొన్నిటికి వేఱు గడువులు. ఇతరులను నిందించుటకు ముందు నేను చేసిన పని చెప్పెదను.

నాతోడి ఉపాధ్యాయుడొకడు, గణితము చెప్పువాడు, నలువది నాలుగవ యేట గుండెనొప్పితో వైద్యుడు వచ్చులోపలనే పోయెను. భార్య, పదవ తరగతి చదువు కూతురు, దానికంటె చిన్న కొడుకు. శవము నట్టింట నుండగనే ఎవరో పెద్దలు నక్షత్రము చూడుడనిరి. సంస్కృతము చదివినవాడనని పంచాంగము నా చేతికిచ్చిరి. నేను పుట త్రిప్పి, తరగతిలో పాఠము చెప్పు గొంతుతోనే, 'శతభిషము' అంటిని. ఆ మాటకు ఆమె తలయెత్తి నన్ను చూచిన చూపు నేటికిని మఱవలేదు. భర్త పోయెనని అంతవఱకు సరిగా తెలియని మనిషికి ఇల్లు కూడ పోయెనని నేను తెలిపితిని.

కర్మ ముగిసిన మఱునాడు ఇంటికి తాళము పడినది. వారు పొరుగూరిలో అన్నగారింటికి చేరిరి. పరీక్షలకు మూడు వారములైన లేవు. ఆ పిల్ల బస్సులో వచ్చిపోవుచుండెను. ఒకనాడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, నాన్నగారు నాకోసం వ్రాసిన లెక్కల పుస్తకం లోపలే ఉండిపోయింది. తీసిపెడతారా?" అని యడిగినది. తాళము తీయరాదని పెద్దలనిరి. నేను ఊరకుంటిని. బ్యాంకు పుస్తకము, బీమా పత్రము కూడ ఆ బీరువాలోనే చిక్కుకొనెను. 1969 నాటి చట్టము మరణమును 21 దినములలో నమోదు చేయింపుమనుచున్నది. ఆ పత్రము లేనిదే బీమా రాదు, పింఛను కదలదు. ఆ పని చేసిపెట్టుటకు ఒక్కడును లేచినవాడు లేడు. నక్షత్రము చూచుటకు మాత్రము పదిమందిమి చేరితిమి.

ఇక శాస్త్రమందురా? గరుడపురాణమున పంచకమరణమునకు చెప్పిన విధి దర్భలతో బొమ్మలు చేసి శవముతో దహించి, పిమ్మట శాంతి చేయుట. ఒక పూటలో ముగియు పని. పసిబిడ్డలను ఆఱు నెలలు పరులపంచకు తోలుట దానిలోని ప్రతిక్రియ కాదు. శాస్త్రము చూపిన చిన్నదారిని విడిచి, భయము చూపిన పెద్దదారిని పట్టితిమి.

లెక్క చూతము, నా మిత్రుడున్నచో అతడే వేసి చూపెడివాడు. నక్షత్రములు 27, అందు 5 పంచకమునకు పోయినవి. అనగా నూటికి 18 చావులకు పైగా ఈ దోషమున పడును. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో చనిపోయినవారు 1,68,491 మంది. చంద్రుడు ఎవరికొఱకును ఆగడు గనుక, వారిలో సుమారు 31 వేల మంది ఈ అయిదు నక్షత్రములలోనే పోయి యుందురు. ఆ యిండ్లలో రెండవ చావు తక్కిన యిండ్లకంటె ఎక్కువగా జరిగెనని చూపినవారెవరు? పెద్దాసుపత్రులలో ప్రతి పంచకమునను మరణములు జరుగుచునే యున్నవి. ఏ వార్డుకు తాళము వేసితిరి? మన ప్రక్కయింటి క్రైస్తవులపైనను మహమ్మదీయులపైనను ఉన్నది ఈ యాకాశమే కదా!

"ఇన్ని తర్కము లేల? ఏమైన జరిగినచో నీవు పూచీయా?" అని యడుగువారు కలరు. ఈ ప్రశ్నలోనే క్రౌర్యమంతయు దాగియున్నది. నిన్నటివఱకు జరుగదనుకొన్నది నేడు కన్నులయెదుట జరిగినవారు ఏ కీడునైన నమ్ముదురు. బిడ్డలపై గండమున్నదన్నచో కట్టుబట్టలతో బయలుదేఱుదురు. మనస్సు అంత దుర్బలమై యున్న గడియలోనే మనము వారికి భయమును వడ్డించుచున్నాము; వారు కాదనలేక పోయిన దానిని సమ్మతి యనుకొనుచున్నాము. పదవనాడు ఆమె గాజులు తీయించు వేడుకలోను ఇదే సమ్మతి. మహారాష్ట్రములో కొల్హాపురము జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతి 2022లో ఆ తంతు వలదని తీర్మానించినది. ఆ ప్రభుత్వము తక్కిన పంచాయతులకు దానినే ఆదర్శముగా చూపినది. వీరేశలింగము పంతులుగారు 1881లోనే రాజమహేంద్రవరమున వితంతువునకు వివాహము చేయించిన నాడు మనది. మన పంచాయతులకు ఆ నోరు ఎప్పుడు వచ్చునో!

అద్దెయిండ్లలో నున్నవారి గతి చెప్పనలవి కాదు. వారికి ఆఱు నెలల గడువు కాదు, ఆ గడపయే లేదు. 2017లో హైదరాబాదులో ఒక తల్లి జ్వరముతో పోయిన కొడుకు శవముతో రాత్రియంతయు వానలో వీథిలో గడపెను. ఇంటి యజమాని శవమును లోనికి రానీయలేదు. అద్దె పుచ్చుకొను నాడు వీరు మనుష్యులు. చావు వచ్చిన నాడు మైల! శవము దిగినచో రేపు అద్దెకెవరు వత్తురని యజమాని భయము. శవము దిగిన యింటికి అద్దెకు పోని మనమే ఆ భయమునకు మూలధనము.

పరామర్శకు పోవు సోదరులారా, సోదరీమణులారా! ఎట్లు పోయెను, ఎప్పుడు పోయెను, ముందేమైన తెలిసెనా యని ఆమెచేత ఇరువదిసార్లు చెప్పింపకుడు. రెండుపూటల అన్నము పంపుడు. నమోదు కాగితములు మీరే వ్రాసి కచేరికి పోయి రండు. పిల్లలను బడికి తీసికొనిపోయి తీసికొనిరండు. రాత్రులు ఆ యింటనే ఇద్దఱు తోడు పడుకొనుడు. ఆమె మాటాడినచో వినుడు, మాటాడనిచో కూర్చుండుడు.

గత మాసమున మా వీథిలో మఱియొక అకాలమరణము జరిగినది. అలవాటు చొప్పున పంచాంగము నాచేతికే వచ్చినది. దానిని విప్పక ప్రక్కన పెట్టి, ఈ పూట పిల్లల కెవరింట వంట యని యడిగితిని. ఆ పంచాంగము తెచ్చిన పెద్దమనిషి ఉత్తరీయము విదిల్చుకొని వెడలిపోయెను. ఆయన నాతో ఇంకను మాటాడుట లేదు. ఆ యింట మాత్రము దీపము వెలుగుచునే యున్నది.