చేప ఒంటి మీద చెవులు!

ఆదివారం పొద్దున్నే మార్కెట్ నుంచి బొచ్చో, శీలావతో ఇంటికి వస్తుంది. పొలుసు తీసే ముందు దాన్ని ఒకసారి పక్కకు తిప్పి చూడండి. మొప్పల వెనక నుంచి తోక దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి గీత కనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరగా చూస్తే, ఆ గీత మీదున్న పొలుసులకు చిన్నచిన్న రంధ్రాలు ఉంటాయి. అది అందం కోసం ఏర్పడిన చార కాదు. చేపకు అదో జ్ఞానేంద్రియం. పేరు పార్శ్వరేఖ. శత్రువు ఎటు నుంచి వస్తోందో, ఆహారం ఎక్కడ కదులుతోందో, గుంపులో పక్క చేప ఎటు తిరిగిందో... చీకట్లో సైతం నీటి కదలికను బట్టి ఆ గీతే పసిగడుతుంది.

మరి ఆ గీత చేపపిల్ల ఒంటి మీదికి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు జీబ్రాఫిష్ దగ్గర దొరికింది. నీలి చారలతో, దాదాపు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ఈ బుల్లి చేపను అక్వేరియంలలో చూసే ఉంటారు. దాని పుట్టిల్లు మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్‌లలోని వాగులూ, వరిమళ్లూ. దాని పిండం తల్లి కడుపులో కాక నీళ్లలోనే పెరుగుతుంది. పైగా గాజులా పారదర్శకంగా ఉంటుంది. లోపల ఏ కణం ఎటు వెళుతోందో సూక్ష్మదర్శినిలో నేరుగా చూడొచ్చు. శాస్త్రవేత్తలకు ఇంతకన్నా ఏం కావాలి!

దారి వేసుకుంటూ పయనం

గుడ్డు ఫలదీకరణ చెందిన 22 గంటలకు చేపపిల్ల చెవి వెనక సుమారు వంద కణాలు గుంపు కట్టి తోక వైపు బయల్దేరతాయి. వాటికి దారి చూపేది ఎస్‌డీఎఫ్-1 అనే ప్రొటీన్. దేహం పక్క భాగంలో తోక దాకా ఒక వరుసలోని కణాలు దాన్ని విడుదల చేస్తుంటాయి. దారి పొడవునా అది ఒకేలా ఉంటే ముందేదో వెనకేదో తెలిసేదెలా? కిటుకంతా అక్కడే ఉంది. గుంపులో వెనక ఉన్న కణాలు ఆ ప్రొటీన్‌ను మింగేస్తుంటాయి. దాంతో వెనక తగ్గిపోయి, ముందు మాత్రమే మిగులుతుంది. గుంపు అటే కదులుతుంది. అంటే తన దారిని తానే వేసుకుంటుందన్నమాట! 2013లో రెండు పరిశోధక బృందాలు ఈ సంగతి నిరూపించాయి.

గొర్రు సాగుతుంటే వెనక విత్తనాలు పడినట్టు, ఆ గుంపు దారిలో అక్కడక్కడా కొన్ని కణాలను గుత్తులుగా వదులుతుంది. రెండో రోజు ముగిసేసరికి తోక చేరుతుంది. ఒక్కో గుత్తి ఒక్కో జ్ఞానాంగం అవుతుంది.

ఇక గుత్తిలో పని పంపకం. ఎఫ్‌జీఎఫ్ అనే సంకేతం అందగానే నడిమి కణంలో 'అటోహ్1' జన్యువు మేల్కొంటుంది. ఆ కణం రోమకణంగా మారుతూ, డెల్టా ప్రొటీన్ సాయంతో పక్కవాటికి 'మీరు నాలా మారొద్దు' అని కబురందిస్తుంది. ఆ కబురు అందుకునేది నాచ్ అనే గ్రాహకం. అలా చుట్టూ ఉన్నవి ఆధార కణాలుగా ఉండిపోతాయి. రోమకణం తలపై వెంట్రుకల్లాంటి సన్నటి కాడలుంటాయి. నీరు కదిలితే అవి వంగుతాయి. వెంటనే నాడి ద్వారా మెదడుకు వార్త వెళుతుంది.

మనకు లేని వరం

సరిగ్గా ఇలాంటి రోమకణాలే మన చెవిలోనూ ఉన్నాయి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తంలో, ఒక్కో చెవికి సుమారు 15 వేలు. వాటిని తయారుచేసేదీ అటోహ్1, నాచ్‌ల జంటే. విపరీతమైన శబ్దాలు, వయసు మీదపడటం, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్... ఇవన్నీ వాటిని దెబ్బతీయగలవు. ఒకసారి పోయాయంటే మళ్లీ రావు. ఇంట్లో తాతయ్యకు ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి రావడానికి చాలావరకు కారణం ఇదే.

చేప సంగతి వేరు. నియోమైసిన్ మందు కలిపిన నీటిలో ఉంచి రోమకణాలను చంపేసినా, ఆధార కణాలు విభజన చెంది రెండు మూడు రోజుల్లోనే కొత్తవాటిని పుట్టిస్తాయి. మన చెవిలోనూ ఆధార కణాలున్నాయి. కానీ అవి ఆ పని చేయవు. అటోహ్1ను బలవంతంగా మేల్కొలిపితే? పసి ఎలుకల్లో కొంత ఫలితం కనిపించింది. పెద్ద ఎలుకల్లో అంతగా లేదు. పోయిన రోమకణాలను మనిషి చెవిలో మళ్లీ మొలిపించే మందు ఇంకా రాలేదు. ఉన్నవాటినైనా కాపాడే మందుల కోసం సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వేల రసాయనాలను ఈ చేపపిల్లల మీదే పరీక్షించారు.

అంతవరకూ మన జాగ్రత్త మనదే. డాక్టరు రాసిన మందును సొంతంగా మానేయకూడదు. మందు వాడుతున్నప్పుడు చెవిలో హోరుగా ఉన్నా, వినికిడి తగ్గినట్టు అనిపించినా వెంటనే ఆయనకు చెప్పాలి. పిల్లల చెవుల్లోని ఇయర్‌ఫోన్ల శబ్దాన్నీ తగ్గించాలి. కోల్పోయింది తిరిగి మొలిపించుకోవడం చేపకు తెలుసు. మనకు తెలిసింది ఉన్నదాన్ని కాపాడుకోవడమే!