ఐదు యూరోల ఎర్ర వైన్‌కి జోడీ ఏది?

బోర్హా అనే ఊరి పేరు మీకు గుర్తుండకపోవచ్చు. కానీ ఆ ఊరి బొమ్మ మీ ఫోన్‌లోకి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. 2012లో అక్కడి చర్చిలో పాడైపోతున్న ఏసుక్రీస్తు గోడచిత్రాన్ని ఎనభై దాటిన ఓ పెద్దావిడ బాగుచేయబోయారు. అది కాస్తా ఇంకేదో మొహమై ప్రపంచమంతా మీమ్స్ అయింది కదా, ఆ బోర్హానే! స్పెయిన్ ఈశాన్యంలో, అరగాన్ ప్రాంతంలో, జరగోజా సిటీ నుంచి కారులో గంట లోపే. మీమ్ సంగతి సరే, ఆ ఊరి చుట్టూ ఉన్న ద్రాక్షతోటలది అసలు కథ. ఈ వారం బాటిల్ అక్కడిదే.

లేబుల్ మీద ‘కాంపో దె బోర్హా’ అని ఉంది. గర్నాచా, టెంప్రానిల్లో, సిరా అనే మూడు ద్రాక్షల బ్లెండ్. ఆల్కహాల్ 14.5 శాతం. జరగోజా సూపర్‌మార్కెట్‌లో 5 యూరోలు ఇస్తే చిల్లర కూడా వెనక్కొచ్చింది.

ఐదు యూరోలకు మంచి వైన్ ఎలా వస్తుంది, ఇందులో ఏదో కల్తీ ఉండి ఉంటుంది అనుకునేవాళ్లు చాలామంది. లెక్క చూడండి. స్పెయిన్‌లో వైన్ మీద ఎక్సైజ్ సుంకం సున్నా. వ్యాట్ 21 శాతం, అంటే 5 యూరోల్లో 87 సెంట్లు పోతాయి. మిగతాదంతా సీసా, కార్కు, రవాణా, షాపు లాభం, రైతు, వైన్. ఇదే బాటిల్ లండన్‌లో కొంటే 14.5 శాతం వైన్‌కి ఒక్క సుంకమే 3 పౌండ్లు దాటుతుంది, దాని మీద మళ్లీ 20 శాతం వ్యాట్. ఇక హైదరాబాద్‌కి వచ్చేసరికి కస్టమ్స్ సుంకమే ఏళ్ల తరబడి 150 శాతం, పైన రాష్ట్రం పన్నులు వేరే. అంటే ఊరు మారేకొద్దీ మీరు కొనేది వైన్ కాదు, పన్ను! అందుకే ఇక్కడ చెప్పే రుచుల లెక్క స్పెయిన్‌లో ఉన్నవాళ్లకి, లేదా అటు ట్రిప్ వేసేవాళ్లకి బాగా పనికొస్తుంది. (స్పెయిన్‌లో తాగే వయసు 18. మన రెండు రాష్ట్రాల్లో 21. గుర్తుంచుకోండి.)

చవగ్గా రావడానికి పన్నులొక్కటే కారణం కాదు. మోంకాయో అని 2,300 మీటర్లకు పైగా ఎత్తున్న కొండ ఒకటుంది. ఆ కింద నేలంతా ఎండిపోయి, రాళ్లు తేలి, మన అనంతపురం పొలాల్ని గుర్తు చేస్తుంది. చలికాలంలో సియెర్థో అనే పొడిగాలి వీస్తే నిలబడటమే కష్టం. ఆ గాలికి తేమ నిలవదు కాబట్టి తీగలకు బూజు తెగుళ్లు తక్కువ. గర్నాచా సరిగ్గా ఇలాంటి నేల కోసమే పుట్టినట్టుంటుంది. పందిరి అక్కర్లేదు, నేల మీద పొట్టి పొదలా పెరుగుతుంది, నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది.

అయినా ఆ పొదల్ని ఒకప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. గర్నాచా అంటే కలుపుకోవడానికి పనికొచ్చే నాటు సరుకు అన్నట్టు చూసేవారు. 1986లో స్పెయిన్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరాక, తోటలు పీకేస్తే డబ్బిచ్చే పథకాలొచ్చాయి. దిగుబడి తక్కువ, యంత్రంతో కోయడం కుదరదు, పైగా పీకితే చేతికి డబ్బు. రైతు ఏం చేస్తాడు? అరగాన్‌లో ముసలి తీగలు చాలా అలాగే పోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఊళ్లలోని సహకార సంఘాల చేతిలో బతికాయి. ఇప్పుడు అవే తీగల కోసం విదేశాల వాళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. పేరు పెద్దది కాలేదు కాబట్టి ధర ఇంకా రియోహా అంత ఎక్కలేదు. ఒక బాటిల్‌కి సుమారు కిలో ద్రాక్ష పడుతుంది. రైతుకి ఆ కిలోకి దక్కేది సెంట్లలోనే. చవక అని మనం సంబరపడేటప్పుడు ఆ సెంట్ల సంగతి నన్ను కొంచెం గుచ్చుతుంది. అందుకే పక్కనే ఏడెనిమిది యూరోల్లో ‘ముసలి తీగలు’ అని రాసిన బాటిల్ ఉంటే, ఒక్కోసారి అదే తీసుకుంటాను.

లేబుల్ చదవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. రెండు మూడు ద్రాక్షల పేర్లు రాసి ఉంటే, ముందున్న పేరుదే ఎక్కువ వాటా, అది యూరప్ రూల్. ఒక్క పేరే ఉంటే ఆ ద్రాక్ష కనీసం 85 శాతం ఉండాలి. ‘హోవెన్’ అంటే కుర్ర వైన్. ‘రోబ్లె’ అంటే కొన్ని నెలలు ఓక్ పీపాలో ఉన్నది. ‘క్రియాంజా’ అంటే ఎర్ర వైన్‌కి కనీసం రెండేళ్లు, అందులో ఆరు నెలలైనా పీపాలో. రియోహాలో మాత్రం ఏడాది. మన బాటిల్ హోవెన్. నిజం చెప్పాలంటే ఈ ధరలో నాకు అదే ఇష్టం. చవక వైన్‌కి చెక్క వాసన పట్టిస్తే, వెనిలా ఎసెన్స్ ఎక్కువైన కేక్‌లా ఉంటుంది.

తాగే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ‘ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి’ అన్న మాట చలి దేశాల్లోని పాత రాతి ఇళ్ల గదుల్ని చూసి పుట్టింది. జూలైలో జరగోజా గదిలో కాదు, మే నెలలో విజయవాడ గదిలో అసలే కాదు. 15 డిగ్రీల దగ్గర గర్నాచా చక్కగా ఉంటుంది. వేడెక్కితే ముక్కుకి ముందు స్పిరిట్ వాసనే తగులుతుంది.

రంగు మరీ చిక్కగా లేదు, గర్నాచా తొక్క పల్చన కదా. వాసనలో స్ట్రాబెర్రీ జామ్, కాస్త నేరేడు పండు, చివర్లో మిరియాల ఘాటు. మిరియాలు అన్నది నా కవిత్వం కాదండీ. రోటండోన్ అనే పదార్థం మిరియాల్లోనూ ఉంటుంది, సిరా ద్రాక్షలోనూ ఉంటుంది. నోట్లో పోసుకోగానే పండు తీపి అనిపిస్తుంది, కానీ చక్కెర లేదు. తర్వాత చిగుళ్ల దగ్గర నోరు పట్టేసినట్టవుతుంది. ‘రెడ్ వైన్ తాగితే నోరు ఎండిపోతుంది అన్నా, పాడైపోయిందా?’ అని తమ్ముళ్లు అడుగుతుంటారు. పాడవలేదురా బాబూ, అది వగరు! ఇంగ్లిష్ వాళ్లు దీనికి మాటలు వెతుక్కుంటారు. మనం మాత్రం ఉగాది పచ్చడిలో మామిడి పిందెతో చిన్నప్పటి నుంచీ తింటున్నాం. ద్రాక్ష తొక్కలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్‌ని పట్టుకోవడం వల్ల వచ్చేదే ఆ వగరు. ఈ బ్లెండ్‌లో అది మెత్తగానే ఉంది, టెంప్రానిల్లో ఉండబట్టి కాస్త వెన్నెముక దొరికింది. లోపం చెప్పాలంటే, మింగాక రుచి ఎక్కువసేపు నిలవదు, గొంతులో వేడి మాత్రం మిగులుతుంది. నా మార్కులు 10కి 7.

ఇక జోడీ. ఆ ప్రాంతపు లేత గొర్రె మాంసం, టెర్నాస్కో అంటారు, బంగాళదుంపలతో ఓవెన్‌లో కాలుస్తారు. దాంతో ఈ వైన్ తాగితే వగరు ఎటు పోయిందో తెలియదు. టానిన్లకు పట్టుకోవడానికి మాంసంలో ప్రొటీన్, కొవ్వు దొరుకుతాయి, మన నోటిని వదిలేస్తాయి. గొర్రె పాల పాత చీజ్‌తోనూ అంతే. చోరిథోని చూసి ఎర్రగా ఉంది, మంట పుడుతుందని భయపడకండి. అది పొగ పట్టిన తీపి మిరపపొడి రంగు, మన గుంటూరు కాదు.

గుంటూరు దగ్గరే అసలు పేచీ. కారం తగిలే నరాలే ఆల్కహాల్‌కీ స్పందిస్తాయి, కాబట్టి 14.5 శాతం వైన్ కారాన్ని చల్లార్చదు, ఎగదోస్తుంది. ఎండుమిరప దట్టించిన కోడి వేపుడుతో పెట్టి చూశాను. రెండో గుటకకే వైన్‌లోని పండు రుచి మాయం, మంట ఒక్కటే మిగిలింది. అదే కోడిని కారం తగ్గించి మిరియాలు, కరివేపాకుతో వేయిస్తే మాత్రం బ్రహ్మాండం, సిరాలోని మిరియాలు ఇటు చేయి కలుపుతాయి. గోంగూర మటన్ వద్దేవద్దు. మటన్‌తో కుదిరినా గోంగూర పులుపు ఊరుకోదు. గర్నాచాలో పులుపు తక్కువ, ఆ పక్కన నీళ్లలా చప్పబడిపోతుంది. గోంగూరకి రుయెదా ప్రాంతపు వెర్దెహో అనే తెల్ల వైన్ చల్లగా పెట్టండి, దాని పులుపు నిలబడుతుంది. మాంసం తిననివాళ్లు గుత్తివంకాయతో ప్రయత్నించవచ్చు. పల్లీ, నువ్వుల నూనె ఈ వగరుకి బాగా సర్దుకుంటాయి. చింతపండు మాత్రం చెయ్యి బిగబట్టి వెయ్యండి.

బాటిల్ ఒక్కపూటలో అయిపోవాలని రూలేం లేదు. కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు మిగిలింది ఉంటే గ్లాసు నిండా ఐస్ వేసి, సగం వైన్, సగం లెమన్ సోడా పోయండి. స్పెయిన్‌లో వేసవి అంతా తాగేది అదే, ‘తింతో దె వెరానో’. వైన్‌లో కోలా కలిపితే మన దగ్గర నవ్వుతారు గానీ, బాస్క్ ప్రాంతంలో దానికి కాలిమోచో అని పేరు కూడా ఉంది, జాతర్లలో ప్లాస్టిక్ గ్లాసుల్లో పోస్తారు. నా ఓటు నిమ్మకే. ఈ వైన్‌లో పండు తీపి ముందే ఎక్కువ, కోలా పడితే దగ్గు మందే.