కూల్చడం సులువే, కట్టే మేస్త్రీ ఎవరు?

2015 మార్చి 26 రాత్రి. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నగరంలో సొంత జట్టు బఫెలో సేబర్స్, అరిజోనా కయోటీస్‌తో ఐస్ హాకీ ఆడుతోంది. పట్టికలో అట్టడుగున సేబర్స్, దానికి ఒక్క మెట్టు పైన కయోటీస్. స్కోరు 3-3తో సమమై మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. అక్కడ అరిజోనా ఆటగాడు శామ్ గాన్యే గోల్ కొట్టాడు. సేబర్స్ ఓడిపోయింది. అంతే, సేబర్స్ జెర్సీలు తొడుక్కుని వచ్చిన జనమే చాలామంది కేరింతలు కొట్టారు. అప్పటిదాకా మంచు మీద చెమటోడ్చిన ఆటగాళ్లు, తమ ఓటమికి తమ ఊరివాళ్లే సంబరపడటం వింటూ తలలు దించుకుని లోపలికి వెళ్లారు.

ఆ అభిమానులది పిచ్చి కాదు, లెక్క. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీకి పెద్ద వేదిక నేషనల్ హాకీ లీగ్. ఎన్‌హెచ్‌ఎల్ అంటారు. అందులో కొత్త కుర్రాళ్లను జట్లు ఏటా ‘డ్రాఫ్ట్’ అనే వరుసలో ఎంచుకుంటాయి. బలహీనమైన జట్టుకు ముందు వంతు, బలమైన జట్టుకు చివరి వంతు. ఆ ఏడాది వరుసలో నిలబడిన కుర్రాడు కానర్ మెక్‌డేవిడ్. తరానికి ఒక్కడు పుడతాడని అందరూ చెప్పుకుంటున్న పద్దెనిమిదేళ్ల కెనడా పిల్లవాడు. అతను దక్కకపోయినా రెండో స్థానంలో జాక్ ఐకెల్ ఉన్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం అట్టడుగున నిలిచిన జట్టుకు ఈ ఇద్దరిలో ఒకరు ఖాయం. కాబట్టి గెలిస్తే నష్టం, ఓడితే లాభం. ఆ సీజన్‌లో యాజమాన్యం కూడా ఆ లెక్కకు అడ్డు రాలేదు. బాగా ఆడుతున్న గోలీలు (గోల్‌కీపర్లు) ఇద్దరినీ నెల వ్యవధిలోనే వేరే జట్లకు పంపేసింది.

కష్టాల్లో ఉన్న ప్రతి హాకీ జట్టు ముందూ ఏదో ఒక రోజు ఇదే ప్రశ్న వచ్చి నిలబడుతుంది. ఉన్నదాన్ని అతుకులేసి నెట్టుకురావాలా, లేక తారలను అమ్మేసి, నాలుగైదేళ్లు దెబ్బలు తిని, కుర్రాళ్లతో మళ్లీ పునాదుల నుంచి కట్టుకోవాలా? ఈ రెండో దారికే అక్కడ ‘రీబిల్డ్’ అని పేరు.

ఐపీఎల్ చూసే మనకు ఈ ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది. 2008లో అట్టడుగున నిలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు ఎత్తింది. 2023లో పదో స్థానంలో ఉన్న సన్‌రైజర్స్ హైదరాబాద్ 2024లో ఫైనల్ ఆడింది. వేలం ఉంది గనక డబ్బు, బుర్ర ఉంటే ఏడాదిలోనే జట్టు రూపం మారిపోతుంది. అక్కడ ఓడినందుకు బహుమతి ఏమీ లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంది. చిక్కంతా అక్కడే.

ఓటమికి ధర ఎందుకు పలుకుతుంది?

2004-05 సీజన్ ఒప్పందాల గొడవలో మొత్తానికే రద్దయ్యింది. ఆ తర్వాత వచ్చిన కొత్త ఒప్పందం జట్ల జీతాల ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2005-06లో అది 3.9 కోట్ల డాలర్లు, 2025-26లో 9.55 కోట్లు. ఎంత సంపన్న యజమాని అయినా ఆ గీత దాటడానికి వీల్లేదు. అందువల్ల తక్కువ జీతానికి ఎక్కువ ఆట ఇచ్చేవాడే అందరికీ కావాలి. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి మూల వేతనం మొదటి మూడేళ్లూ ఏడాదికి పది లక్షల డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. అదే స్థాయి ఆటను బయటి నుంచి కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. పైగా బయట అమ్మకానికి వచ్చేవాళ్లు చాలావరకు ముప్పై దగ్గరపడ్డవాళ్లు.

రీబిల్డ్‌ను సమర్థించేవాళ్ల వాదనకు చరిత్రలో బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ 1983-84లో అట్టడుగుకు చేరి మారియో లెమ్యూను దక్కించుకుంది. ఆ తర్వాత 1991, 1992లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. మళ్లీ చితికిపోయిన అదే జట్టు 2003 నుంచి 2005 వరకు ఫ్లూరీ, మాల్కిన్, సిడ్నీ క్రాస్బీలను వరుసగా తెచ్చుకుని 2009, 2016, 2017లో మూడు కప్పులు కొట్టింది. షికాగో బ్లాక్‌హాక్స్ 2006లో జోనథన్ టేవ్స్‌ను, 2007లో ప్యాట్రిక్ కేన్‌ను ఎంచుకుని 2010, 2013, 2015లో విజేతగా నిలిచింది. ఈ చరిత్ర చూశాక ఏ జనరల్ మేనేజర్‌కైనా నోరూరుతుంది.

నడిమధ్యన వేలాడటం కూడా నిజంగానే నరకం. 32 జట్లలో 16 ప్లేఆఫ్‌కు వెళ్తాయి. ఏటా పదిహేడు, పద్దెనిమిది స్థానాల్లో ఆగిపోయే జట్టుకు కప్పూ రాదు, మంచి డ్రాఫ్ట్ వంతూ రాదు. రెంటికీ చెడ్డ రేవడి. అందుకే న్యూయార్క్ రేంజర్స్ యాజమాన్యం 2018 ఫిబ్రవరిలో అభిమానులకు బహిరంగ లేఖ రాసింది. మీకు ఇష్టమైన ముఖాలు కొన్ని వెళ్లిపోతాయి, సిద్ధపడండి అని ముందే చెప్పింది. ఇంత దాపరికం లేకుండా మాట్లాడే యాజమాన్యాలు ఏ ఆటలోనైనా అరుదు.

నారు సరే, నీరేదీ?

పెంగ్విన్స్ కథ చెప్పేవాళ్లు ఎడ్మంటన్ కథ చెప్పరు. ఎడ్మంటన్ ఆయిలర్స్ 2010, 2011, 2012ల్లో వరుసగా మూడుసార్లు డ్రాఫ్ట్‌లో మొదటి వంతు దక్కించుకుంది. హాల్, నజెంట్-హాప్కిన్స్, యాకుపోవ్ వచ్చారు. ప్లేఆఫ్ మాత్రం రాలేదు. 2006-07 నుంచి 2015-16 దాకా పదేళ్లు ఆ జట్టు ఇంట్లోనే కూర్చుంది. ముగ్గురిలో ఇద్దరిని 2016లో వదిలించుకుంది. వాళ్లలో టేలర్ హాల్ రెండేళ్లకే న్యూజెర్సీ తరఫున లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. అంటే కుర్రాడిలో లోపం లేదు. లోపమంతా అతను పెరిగిన ఇంట్లోనే.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో నారు పోసేది లీగ్. నీరు పోయాల్సింది మాత్రం జట్టే. ప్రతిభను గుర్తించే కళ్లు, కుర్రాళ్లను తీర్చిదిద్దే కోచ్‌లు, ఓటమి ఒంటబట్టకుండా కాసే సీనియర్లు లేకపోతే మొదటి వంతు వచ్చినా మూడో వంతు వచ్చినా ఒకటే. టాంపా బే లైట్నింగ్ 2020, 2021లో కప్పులు గెలిచినప్పుడు జట్టులో మొదటి వంతులో వచ్చిన స్టామ్‌కోస్, రెండో వంతులో వచ్చిన హెడ్‌మన్ ఉన్న మాట నిజమే. కానీ దాడికి ప్రాణం పోసిన కుచెరోవ్ 2011లో 58వ వంతులో, పాయింట్ అనే మరో ఆటగాడు 2014లో 79వ వంతులో దొరికారు. వాళ్లకోసం ఎవరూ ఓడనక్కర్లేదు. మిగతా జట్లన్నీ వాళ్లను చూసి కూడా వదిలేశాయి. రేంజర్స్‌దీ అదే అనుభవం. లేఖ తర్వాత 2019లో రెండో వంతు, 2020లో మొదటి వంతు వచ్చాయి. అయినా 2022, 2024లో జట్టును కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా మోసిన గోలీ షెస్టర్కిన్, లేఖకు దాదాపు నాలుగేళ్ల ముందే 118వ వంతులో ఎంపికైనవాడు.

మళ్లీ బఫెలోకు వద్దాం. ఆ 2014-15 సీజన్ సేబర్స్ కోరుకున్నట్టే ముగిసింది. 54 పాయింట్లు, అట్టడుగు స్థానం. మొదటి వంతు ఎవరిదో తేల్చే లాటరీలో 20 శాతం అవకాశం. కానీ చీటీ 11.5 శాతం అవకాశం మాత్రమే ఉన్న ఎడ్మంటన్‌కు తగిలింది. మెక్‌డేవిడ్ అటు వెళ్లాడు, ఐకెల్ ఇటు వచ్చాడు. అయినా ఐకెల్ ఏమీ తక్కువవాడు కాదు. అంతకుముందు ఏడాది రెండో వంతులో వచ్చిన శామ్ రైన్‌హార్ట్ ఉన్నాడు. 2015లోనే తెచ్చుకున్న ర్యాన్ ఓరైలీ ఉన్నాడు. ఇటుక, సిమెంటు, ఇసుక అన్నీ కుప్ప పోశారు. ఇల్లు మాత్రం లేవలేదు. 2015 తర్వాత పదేళ్లలో ఐదుగురు కోచ్‌లు మారారు. 2018లో, 2021లో మొదటి వంతు కూడా వచ్చింది. 2020-21లో ఒక దశలో వరుసగా 18 మ్యాచ్‌లు గెలుపన్నది లేకుండా గడిచాయి. 2011-12 నుంచి 2024-25 వరకు వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్ ముఖం చూడకపోవడం ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలోనే రికార్డు.

ఎందుకిలా? దానికి జవాబు ఓరైలీ 2018 ఏప్రిల్‌లో తానే చెప్పాడు. ఓడినా ఫర్వాలేదన్న ధోరణి జట్టులోకి పాకిందని, ఆట మీద తన ఇష్టం కూడా కొన్నిసార్లు సన్నగిల్లిందని విలేఖరుల ముందు ఒప్పుకున్నాడు. మూడేళ్ల క్రితం స్టాండ్స్‌లో మోగిన కేరింతలు అప్పటికి డ్రెస్సింగ్ రూమ్‌లోకి చేరాయన్నమాట. ఓటమిని అప్పుగా తీసుకుని తర్వాత తీర్చేద్దామనుకున్నారు. అది అలవాటై కూర్చుంది.

ఆ జులైలో సేబర్స్ ఓరైలీని సెయింట్ లూయిస్ బ్లూస్‌కు ఇచ్చేసింది. తర్వాత జరిగింది హాకీ లోకం ఇప్పటికీ చెప్పుకునే కథ. 2019 జనవరి 3 ఉదయానికి బ్లూస్ 31 జట్లలో చిట్టచివరిది. రీబిల్డ్ మొదలెట్టండి, అందరినీ అమ్మేయండి అని సలహాలు హోరెత్తాయి. యాజమాన్యం తొందరపడలేదు. కోచ్‌ను అప్పటికే మార్చింది. కింది లీగ్ నుంచి బినింగ్టన్ అనే గోలీని పిలిచింది. జూన్‌లో బోస్టన్‌ను ఏడో మ్యాచ్‌లో ఓడించి బ్లూస్ తన చరిత్రలో తొలి కప్పు ఎత్తింది. ప్లేఆఫ్ అత్యుత్తమ ఆటగాడు ఓరైలీయే. ఇది ఏ జట్టూ పథకం వేసుకుని సాధించగలిగేది కాదు. అయితే జనవరి పట్టిక చూసి జట్టును అమ్మేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

లాటరీ కూడా మునుపటిలా లేదు. ఇప్పటి నిబంధనల్లో అట్టడుగు జట్టుకు మొదటి వంతు వచ్చే అవకాశం 25.5 శాతమే. నాలుగింట మూడుసార్లు రాదు. 2019-20లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ 71 మ్యాచ్‌ల్లో 39 పాయింట్లతో ఘోరంగా చివర నిలిచింది. తీరా అప్పటి నిబంధనల ప్రకారం చీటీలు తీస్తే నాలుగో వంతుకు జారింది. 2025లో శాన్ హోసే షార్క్స్ చివరన ఉంటే, అడుగు నుంచి పదో జట్టయిన న్యూయార్క్ ఐలాండర్స్ పైకి దూకి మొదటి వంతు ఎగరేసుకుపోయింది. నాలుగింట ఒక్కసారే తగిలే టికెట్టు కోసం సీజన్ మొత్తాన్ని తాకట్టు పెట్టడం వ్యాపారం అనిపించుకోదు.

బిల్లు ఎవరికి?

రీబిల్డ్ లాభనష్టాల చర్చలో ఎప్పుడూ వెనక్కి నెట్టేసే పద్దు ఒకటుంది. ఆ నాలుగైదేళ్ల ఖర్చు ఎవరిది? యజమానికి టీవీ డబ్బు వస్తూనే ఉంటుంది, జట్టు విలువ పెరుగుతూనే ఉంటుంది. జనరల్ మేనేజర్‌కు ‘ఓపిక పట్టండి’ అన్న ఒక్క మాటతో మూడేళ్లు గడిచిపోతాయి. సీజన్ టికెట్ కొన్నవాడు మాత్రం కప్పు గెలిచే జట్టుకు ఎంతో, ఓడటానికే దిగిన జట్టుకూ ఇంచుమించు అంతే కడతాడు. ఇరవై ఎనిమిదేళ్ల ఆటగాడికి ఆ నాలుగేళ్లే వృత్తిజీవితంలో మంచి కాలం. అరిజోనా అభిమానులైతే దశాబ్దం పాటు ‘రేపు’ అనే మాట విన్నారు. చివరి రెండు సీజన్లు ఐదు వేల మంది పట్టే యూనివర్సిటీ స్టేడియంలో చూశారు. 2024లో జట్టే యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. వాళ్లు ఎదురుచూసిన రేపు వేరే ఊరికి వచ్చింది.

ఓటమికి బహుమతి ఇచ్చే పద్ధతి మార్చలేనిదేమీ కాదు. ఉత్తర అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ ఒక సులువైన దారి చూపించింది. ప్లేఆఫ్ అవకాశం పోయిన క్షణం నుంచి ఆ జట్టు తెచ్చుకున్న పాయింట్లు లెక్కేస్తారు. ఎక్కువ తెచ్చుకున్న జట్టుకు డ్రాఫ్ట్‌లో మొదటి వంతు. బలహీనమైన జట్టు ముందుగా రేసులోంచి తప్పుకుంటుంది గనక దానికి పాయింట్లు కూడబెట్టుకునే మ్యాచ్‌లు ఎక్కువ దొరుకుతాయి. సాయం అందుతుంది, కానీ గెలిచి తీసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్ లాటరీ శాతాలను సరిదిద్దడం మాని ఈ పద్ధతిని తెచ్చుకుంటే, సొంత జట్టు ఓటమికి కేరింతలు కొట్టే దుస్థితి ఏ ఊరికీ రాదు.

అంతవరకూ కష్టాల్లో ఉన్న జట్టు ఏం చేయాలి? వయసు మీరిన తారలను, ఇంకా గిరాకీ ఉండగానే మార్చుకోవాలి. అది వివేకమే. అభిమానులకు రేంజర్స్‌లా నిజం చెప్పాలి. కానీ కుర్రాళ్ల పక్కన గెలుపు రుచి తెలిసిన సీనియర్లు నలుగురైదుగురు ఉండి తీరాలి. మంచి గోలీని అమ్ముకోకూడదు. అన్నిటికన్నా ముందు, పాత ఇల్లు కట్టిన మేస్త్రీల పనితనం పరీక్షించాలి. గోడలు కూల్చి అదే మేస్త్రీల చేతికి తాపీ ఇస్తే మళ్లీ ఆ వంకర గోడే లేస్తుంది. యాజమాన్యం, ప్రతిభా అన్వేషణ, శిక్షణ మారకుండా ఆటగాళ్లను మాత్రమే మార్చడం ఇల్లు పీకి పందిరి వేయడమే.

2024 జూన్ 24న ఫ్లోరిడా పాంథర్స్, ఎడ్మంటన్ ఆయిలర్స్ ఫైనల్ ఏడో మ్యాచ్ ఆడాయి. 2015లో బఫెలో కలలుగన్న మెక్‌డేవిడ్ ఎడ్మంటన్ వైపు ఉన్నాడు, ఓడిపోయాడు. 2-1తో ఫ్లోరిడాకు కప్పు తెచ్చిన గోల్ కొట్టింది శామ్ రైన్‌హార్ట్. అతని పక్కన కప్పు ఎత్తిన మాంటూర్, రోడ్రిగ్స్, ఒక్పోసో ముగ్గురూ ఒకప్పటి సేబర్స్ ఆటగాళ్లే. ఏడాది ముందు లాస్ వెగాస్‌లో ఐకెల్ ఎత్తాడు. అంతకు నాలుగేళ్ల ముందు సెయింట్ లూయిస్ తరఫున ఓరైలీ. ఆ ఆటగాళ్లంతా బఫెలో చేతిలో ఉన్నవాళ్లే.