ఉప్పు చివరన వేద్దాం

రాష్ట్రానికి ఈశాన్యపు కొసన ఉన్న పలాస, టెక్కలి ప్రాంతాల్లో ప్రొద్దు త్వరగా గ్రుంకుతుంది. డిసెంబరులో ఐదున్నర కాకమునుపే మగ్రిబ్ అజాన్ వినవస్తుంది. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాల్లో పగలంతా పిక్కలు కోసి, పప్పు పొట్టు తీసి ఇల్లు చేరిన తల్లికి, పిల్లలు నిద్రకు జోగకముందే వంట ముగించటానికి ఇషా వరకు గంటంపావు వ్యవధి మిగులుతుంది. జీడి రసం తగిలి మండే వ్రేళ్ళతో ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చోవాలి. కనుక ఈ మాసం మేము విందు వంటకాల జోలికి పోవటం లేదు.

ఉద్దానపు ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పొయ్యి దగ్గరి చిక్కు మాత్రం ఇంట్లోనే తీరాలి. తాతగారికి ఉప్పు లేని కూర, పెద్దలకు పులుసు, పిల్లలకు పొట్లం నూడుల్సు. ఒకే ఇంట మూడు గిన్నెలు, మూడు వేళలు. పిల్లల పొట్లంలో వచ్చే మసాలాలోనైతే ఉప్పు దండిగానే ఉంటుంది.

తింటున్నా కడుపు నిండటం లేదని సహచరులు విన్నవించుకున్నప్పుడు, మీరు విడివిడిగా తింటున్నారేమోనని దైవప్రవక్త (స) అడిగారనీ, కలిసి కూర్చుని అల్లాహ్ పేరు స్మరించి తినమని చెప్పారనీ అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. రోగి ఉన్న ఇంట అందరూ ఒకే వంట చుట్టూ కూర్చోగలరా? కూర్చోగలరు. అందుకు చేయవలసిందల్లా ఉప్పును చివరకు నెట్టటమే.

సొరకాయను చూడండి. దైవప్రవక్త (స) సొరకాయ ముక్కలను వెదకి మరీ తిన్నారనీ, అది చూసిన నాటి నుంచి తనకూ అది ప్రీతిపాత్రమైందనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. మన పిల్లలు ఆ ముక్కలనే ఏరి పళ్ళెం అంచున పెడతారు. కాబట్టి ముక్కలు కోయకండి, తురమండి. ఒక లేత కాయలో సగం తురిమి, నీరు పిండివేయాలి. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి కొద్ది నూనెలో వేయించి, చిటికెడు పసుపు, రెండు చీల్చిన పచ్చిమిర్చి, తురుము వేసి మూత పెడితే పది నిమిషాల్లో మగ్గుతుంది. అప్పుడు తాతగారి వాటా వేరే గిన్నెలోకి తీసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఉప్పు లేని వెలితిని పులుపు చాలావరకు పూడుస్తుంది. మిగిలిన దానిలో నాలుగు కోడిగుడ్లు కొట్టి, ఉప్పు, రెండు చెంచాల జీడిపప్పు పొడి వేసి కలియబెడితే ఖగీనా సిద్ధం. తురుము గుడ్డులో కలిసిపోయి పిల్లల కంటికి ఆనదు. అన్నంలోకీ, చపాతీలోకీ బాగుంటుంది.

జీడిపప్పు అనగానే ఖర్చని జంకవద్దు. గుండు పప్పు దూరపు బజార్లకు వెళ్ళినా, విరిగిన ముక్కలు పలాసలో తక్కువ ధరకే దొరుకుతాయి. సెలవునాడు ఒకసారి పొడి చేసి మూత గట్టిగా ఉన్న సీసాలో ఉంచుకుంటే వారమంతా వస్తుంది. అయితే పిల్లలకు బలమిచ్చే ఈ పప్పూ, ఉద్దానం కొబ్బరి నీళ్ళూ మూత్రపిండాల రోగులకు సాధారణంగా వైద్యులు వద్దనేవే. వాటిలోని పొటాషియమే కారణం. గుడ్డు, పప్పు, చేప రోగికి ఎంత పెట్టాలో కూడా వైద్యుని అడిగే తెలుసుకోవాలి. సోడియం తక్కువని అమ్మే ప్రత్యేకమైన ఉప్పును మంచిదనుకుని వాడేవారున్నారు. అటువంటి వాటిలో చాలావరకు పొటాషియం కలిపి ఉంటుంది. రోగికి అది మామూలు ఉప్పు కంటే ప్రమాదకరం కావచ్చు.

చేప దొరికిన రోజు పని ఇంకా తేలిక. ముల్లు తక్కువగా ఉండే వంజరం ముక్కను పసుపు నీటిలో ఉడికించి, ముల్లు తీసి, వేడి అన్నంలో నిమ్మరసంతో కలిపితే చిన్నపిల్లలు కూడా తింటారు. ఎండుచేపలు, అప్పడాలు, ఊరగాయలు ఆ పూట బల్ల మీదికి రాకపోతేనే మంచిది. కనబడితే తాతగారికి కూడా చేయి ఆగదు.

దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ నిందించలేదనీ, నచ్చితే తినేవారనీ, లేకుంటే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పారు. పళ్ళెం ముందు పెట్టగానే ఉప్పు చాలలేదని ముఖం చిట్లించే తండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లల పేచీ తరచుగా అక్కడే మొదలవుతుంది. ఇంట ఉన్నప్పుడు ఆయన (స) ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సొరకాయ తురమటానికి మగపిల్లల చేతులు కూడా చక్కగా సరిపోతాయి.

డయాలసిస్ రోజున కుటుంబం ఆసుపత్రి నుంచి చీకటిపడ్డాక తిరిగివస్తే ఆ ఇంట పొయ్యి వెలగదు. కూరలో నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు చెప్పారు. పొరుగింటివారు ఆ రాత్రి వంట పంపదలిస్తే, రోగి ఏమేమి తినవచ్చో ముందుగా అడిగి, ఆయన గిన్నె ఒక్కటి ఉప్పు వేయకముందే తీసి పక్కన పెట్టండి.